కుట్టుగదిలో కుక్క వాసనకు ఎంజైమ్ ద్రావణం: ఏడాది వాడిన తరువాత

ఇంటి ముందుగదే నా కుట్టుపని గది. మిషన్ తొక్కుతుంటే నా కాళ్ల దగ్గర పడుకోనిదే మా లాబ్రడార్‌కు తోచదు. అది తెచ్చే బురదను గుడ్డతో తుడవవచ్చు, రాల్చే బొచ్చును బట్టల మీద నుంచి జిగురు రోలర్‌తో తీయవచ్చు. వయసు మీదపడ్డాక మొదలైన మూత్రం వాసనే నన్ను నిజంగా కలవరపెట్టింది. ముందుగా పశువైద్యుడికి చూపించాను, ఎందుకంటే ముసలి కుక్క ఉన్నట్టుండి ఇంట్లో మూత్రం పోయడానికి మూత్రనాళంలో ఇన్ఫెక్షన్, మధుమేహం, కిడ్నీ జబ్బు వంటివి కారణం కావచ్చు. మందులతో చాలా వరకు తగ్గింది కానీ కత్తిరింపు బల్ల కింద పరిచిన తివాచీలో దిగిన వాసన మాత్రం పోలేదు. కొలతలివ్వడానికి వచ్చినవారు గుమ్మంలోనే ఒక్క క్షణం ఆగిపోవడం చూసి నా మనసు చివుక్కుమనేది.

ఎంజైమ్ ద్రావణం కొనడానికి ముందు నేను రెండు పొరపాట్లు చేశాను. అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో తుడవడం మొదటిది: మూత్రంలోని యూరియా విడిపోయినప్పుడు వెలువడేది కూడా అమ్మోనియాయే కనుక, ఆ వాసన కుక్కను మళ్లీ అదే చోటికి రప్పించగలదు. బ్లీచింగ్ ద్రవం పోయడం రెండోది, మరింత ప్రమాదకరమైనది; మూత్రంలోని అమ్మోనియాతో అది కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే క్లోరమిన్ వాయువులు పుడతాయి. మూసి ఉన్న చిన్న గదిలో ఆ పని ఎవరూ చేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

అసలు చిక్కు పోగుల్లోకి ఇంకిన మూత్రం దగ్గర ఉంది.  ఆరిన తరువాత కూడా దాని అవశేషాలు పోగుల మధ్య నిలిచిపోతాయి, గాలిలో తేమ పెరిగిన రోజున మళ్లీ వాసన లేస్తుంది. మబ్బు పట్టిన రోజుల్లోనే మా గది ఎందుకు వాసన కొడుతోందో అప్పుడు అర్థమైంది. ఎంజైమ్ ద్రావణం ఆ వాసనను కప్పిపుచ్చకుండా, దానికి మూలమైన పదార్థాలనే విడగొడుతుంది.

అయితే దీన్ని మామూలు క్లీనర్‌లా చల్లి వెంటనే తుడిచేస్తే ఫలితం ఉండదు. మొదటి వారం నేను అలాగే చేసి, సీసా దండగని అనుకున్నాను. మూత్రం ఎంత లోతుకు ఇంకిందో ద్రావణం కూడా అంత లోతుకు దిగాలి, తడి కనీసం 10 నుంచి 15 నిమిషాలు నిలవాలి. పాత మరకలపై నేను ప్లాస్టిక్ కాగితం కప్పి రాత్రంతా ఉంచుతున్నాను. ముందుగా సబ్బుతోనో క్రిమిసంహారిణితోనో కడిగి ఉంటే వాటి జాడ లేకుండా చల్లటి నీటితో శుభ్రం చేయాలి, లేకపోతే ఎంజైమ్‌ల పని మందగిస్తుంది. ఎంజైమ్‌లు కూడా ప్రోటీన్లే కనుక మరిగే నీరు వాటిని పాడు చేస్తుంది. మరక ఎక్కడుందో తెలియకపోతే దీపాలు ఆర్పి యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి వేస్తే ఆరిన మూత్రం మెరుస్తూ కనిపిస్తుంది. బల్ల కాలి వెనుక నేను ఊహించని మూడు చోట్లు అలాగే దొరికాయి.

కుట్టుపనివారికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. ఈ ద్రావణాల్లో చాలావాటిలో ప్రోటీన్లను విడగొట్టే ఎంజైమ్‌లు ఉంటాయి. పట్టు, ఉన్ని కూడా ప్రోటీన్ పోగులే. వాటి మీద ఇది పడితే పోగు బలహీనపడి మెరుపు పోవచ్చు. ఇతరుల బట్ట మన చేతిలో ఉన్నప్పుడు అటువంటి పొరపాటుకు తావివ్వకూడదు, అందుకే సీసాను బట్టల అరకు దూరంగా పెట్టాను, నూలు బట్టనైనా అంచున ఒక చుక్క వేసి రంగు పోదని తేలాకే వాడుతున్నాను. సీసా మీద ఈ హెచ్చరిక చాలా చిన్న అక్షరాల్లో ఉండడం నాకు నచ్చలేదు. సువాసన కలిపిన రకం కూడా నచ్చలేదు, ఎందుకంటే అసలు వాసన పోయిందో లేదో దానితో తెలియదు.

తివాచీ రెండో రాత్రికి బాగుపడింది. సోఫా దిండులోని స్పాంజికి మాత్రం నాలుగుసార్లు పట్టించినా పూర్తిగా పోలేదు, చివరికి స్పాంజినే మార్చాను. ఇప్పుడు వాసన లేని రకం రెండో సీసా వాడుతున్నాను. మా కుక్క మళ్లీ మిషన్ కిందే పడుకుంటోంది.