క్రాప్ మోడ్‌లో తీయాలా, తీశాక కోసుకోవాలా?

నికాన్ డీ810 కెమెరా పక్కన పెట్టి సెకండ్‌హ్యాండ్‌లో డీ850 కొన్నప్పటి నుంచి, పక్షుల వెంట తిరిగే మిత్రులు అడిగేది ఒకటే. "డీఎక్స్ క్రాప్ పెడితే స్పీడ్ పెరుగుతుంది కదా, మరి ఎఫ్‌ఎక్స్‌లో ఎందుకు తీస్తున్నావు?" ఎఫ్‌ఎక్స్ అంటే సెన్సర్ మొత్తం వాడి తీయడం, డీఎక్స్ క్రాప్ అంటే దాని మధ్య భాగం మాత్రమే వాడి తీయడం.

పెరుగుతుందా లేదా అన్నది మీ చేతిలో ఉన్న బాడీని బట్టి ఉంటుంది. డీ810లో ఎఫ్‌ఎక్స్ అయితే సెకనుకు 5 ఫ్రేములు, డీఎక్స్ పెడితే 6, దానికి గ్రిప్ (కెమెరా కింద బిగించే బ్యాటరీ పిడి), పెద్ద బ్యాటరీ తగిలిస్తే 7. ఎఫ్‌ఎక్స్‌లో మాత్రం ఎంత ఖరీదైన గ్రిప్ తగిలించినా 5 దాటదు. ఎందుకంటే అక్కడ ఇబ్బంది బ్యాటరీతో కాదు, 36 మెగాపిక్సెళ్ల డేటా మోయడంతో. డీ850లో కథ తిరగబడింది. డేటా మోసే సత్తా దానికి ఉంది, అద్దాన్ని పైకీ కిందికీ ఆడించే కరెంటే చాలదు. అందుకే గ్రిప్, పెద్ద బ్యాటరీ పెడితే 7 కాస్తా 9 అవుతుంది, క్రాప్ పెడితే మాత్రం ఏడు ఏడుగానే ఉంటుంది.

"పోనీ, బఫర్ అయినా మిగులుతుందిగా" అంటారు. బఫర్ అంటే ఫొటోలు కార్డులోకి ఎక్కేలోపు కెమెరాలో ఆగే చోటు. మిగులుతుంది, కాదనను. కానీ ఎక్స్‌క్యూడీ అనే వేగమైన మెమరీ కార్డుతో 14 బిట్ రా ఫైళ్లు (సెన్సర్ డేటాని జేపెగ్‌గా మార్చకుండా దాచేవి) ఎఫ్‌ఎక్స్‌లోనే 51 దాకా ఆగకుండా పడతాయి, అంటే ఏడు సెకన్లు. అంతసేపు బటన్ నొక్కి పట్టుకునేంత పని నాకెప్పుడూ పడలేదు.

నా లెక్కలో అసలు తేల్చేది రెక్క. అమీన్‌పూర్ చెరువు మీద నలుపు తెలుపు లకుముకి పిట్ట గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది చూశారా, అంతవరకూ డీఎక్స్ హాయిగానే ఉంటుంది, పిట్ట ఫ్రేము నిండా కనిపిస్తుంది, చూసుకుని మురిసిపోతాం. అది ముక్కు కిందికి తిప్పి రాయిలా నీళ్లలోకి పడినప్పుడు మాత్రం మన చెయ్యి ఒక్క క్షణం వెనకబడుతుంది, ఇంటికొచ్చి చూస్తే తోక ఒకదాంట్లో లేదు, రెక్క కొస ఇంకోదాంట్లో లేదు. వ్యూఫైండర్‌లో చుట్టూ మసకగా కనిపించే భాగంలో రెక్క ఉన్నట్టు కంటికి తెలుస్తూనే ఉంటుంది, ఫైల్లోకి మాత్రం రాదు. ఎఫ్‌ఎక్స్‌లో తీసి ఉంటే ఆ రెక్క ఉండేది, తీరిగ్గా ఇంట్లో కోసుకునేవాణ్ని. పైగా రెండిట్లోనూ పిట్ట మీద పడే పిక్సెళ్లు అవే. డీఎక్స్ పెడితే 500 ఎంఎం లెన్స్ 750 అయిపోతుందని మురిసేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అందుకని డీ850లో నాది ఎఫ్‌ఎక్సే. కొమ్మ మీద కదలకుండా కూర్చున్న పాలపిట్టకి, హార్డ్ డిస్క్ నిండిపోతోందన్న టెన్షన్‌తో, డీఎక్స్‌కి మారుస్తాను. ఎఫ్‌ఎన్ బటన్‌కి ఇమేజ్ ఏరియా (ఎఫ్‌ఎక్స్, డీఎక్స్ మార్చే సెట్టింగ్) ఇచ్చుకుంటే కన్ను తీయకుండానే చక్రం తిప్పి మార్చేయొచ్చు.

డీ810 వాళ్లకి మాత్రం నా సలహా వేరు, డీఎక్స్ కన్నా తక్కువ కోసే 1.2 క్రాప్ వాడండి. దాన్నెవరూ పట్టించుకోరు గానీ స్పీడ్ డీఎక్స్‌లో లాగే 6, దాదాపు 25 మెగాపిక్సెళ్లు, రెక్కకి చుట్టూ కాస్త చోటు కూడా ఉంటుంది. నేను చివరి ఏడాదంతా అలాగే తీశాను, ముందే ఆ బుద్ధి పుట్టి ఉంటే బోలెడు రెక్కలు మిగిలేవి.

పక్షులు తప్ప ఇంకేమీ తీయనంటే డీ500 చూడండి, దాని సెన్సరే డీఎక్స్ సైజు, 20.9 మెగాపిక్సెళ్లు, సెకనుకు 10, ఫోకస్ పాయింట్లు దాదాపు అంచుల దాకా ఉంటాయి. అందులోనూ రెక్క తెగుతుంది, కానీ పదిలో ఏదో ఒకటి దక్కుతుంది. జెడ్8లో డీఎక్స్ పెడితే సెకనుకు 60 జేపెగ్‌లు వస్తాయి, కాకపోతే రా ఉండదు, ధర కూడా నా జేబుకి అందేది కాదు.