మినీ గ్రేడర్ కట్టుకోవాలంటే: వెనక బ్లేడా, పొడుగు ఛాసిసా, మడత పడే ఛాసిసా?

బెంగళూరు చుట్టూ, హోస్కోట, మాలూరు, దేవనహళ్లి వైపు రెండు మూడెకరాల తోటలు కొనుక్కున్న మనవాళ్లందరికీ ఒకటే తలనొప్పి: తోటలోకి వెళ్లే మట్టిదారి. ఒక వానాకాలం పోయేసరికి దారి మధ్యలో కాలువలు, పక్కన మొరం కుప్పలు. పెద్ద గ్రేడర్‌ను (పొడవాటి బ్లేడుతో దారిని చదును చేసే బండిని) అద్దెకు పిలుద్దామంటే 12 అడుగుల బ్లేడుతో వచ్చే ఆ బండికి మన ఎనిమిది అడుగుల దారిలో చోటెక్కడ? జేసీబీ మట్టి తోస్తుంది గానీ నీళ్లు రెండు పక్కలకూ జారేలా వాలు తేవాలంటే చాలా ఓపిక, మంచి డ్రైవరు కావాలి. అందుకే పాత గార్డెన్ ట్రాక్టరో, మినీ ట్రాక్టరో కొని, ఆ సామాన్లతో చిన్న గ్రేడర్ కట్టుకుందామన్న ఆలోచన చాలామందికి వస్తోంది.

అన్నిటికంటే సులువైనది ట్రాక్టరు వెనక త్రీ పాయింట్ లింకేజీకి (నాగలి లాంటివి తగిలించే మూడు చేతులకు) బ్లేడు తగిలించడం. ఖర్చు తక్కువ, ట్రాక్టరు మిగతా పనులకూ ఉంటుంది. కానీ దారి నున్నగా రాదు. ఎందుకో లెక్క చూడండి. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు ఒకటిన్నర మీటరు, అక్కడి నుంచి బ్లేడుకు ఇంకో ఒకటిన్నర మీటరు అనుకుందాం. లిఫ్టు కదపకుండా నడిపితే, ముందు చక్రాలు 10 సెంటీమీటర్ల గడ్డ ఎక్కగానే బ్లేడు 10 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. వెనక చక్రాలు అదే గడ్డ ఎక్కినప్పుడు 20 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. ఉన్న గడ్డ పోలేదు సరికదా, కొత్తగా ఒక గుంట, ఒక దిబ్బ తయారయ్యాయి. బ్లేడు వెనక గేజ్ వీల్స్ (నేల మీద దొర్లుతూ బ్లేడు ఎత్తును పట్టి ఉంచే చిన్న చక్రాలు) బిగిస్తే కొంత నయం.

అదే బ్లేడును రెండు ఇరుసుల నడుమ పెడితే, ఏ చక్రం 10 సెంటీమీటర్లు ఎక్కినా బ్లేడు లేచేది 5 సెంటీమీటర్లే. ప్రతి ట్రిప్పుకూ గడ్డ తగ్గుతూ వస్తుంది. గ్రేడర్ గొప్పంతా ఇందులోనే ఉంది. పెద్ద గ్రేడర్లలో వెనక రెండేసి చక్రాలు టాండెమ్‌లో (ఒకదాని వెనక ఒకటి, మధ్యలో ఊగే దూలానికి) ఉంటాయి కాబట్టి వెనక వైపు ఆ కదలిక మళ్లీ సగమవుతుంది. బ్లేడుకు ఇరుసుల నడుమ చోటు కావాలంటే ఛాసిస్‌ను, అంటే బండి చట్రాన్ని, పొడుగు చేయాలి. నా ఓటు ఈ పొడుగు ఛాసిస్‌కే. ట్రాక్టరు ముందు ఇరుసు విప్పి, 125 మిల్లీమీటర్ల సి-ఛానళ్లు (సి ఆకారపు స్టీలు దూలాలు) రెండు పెట్టి, ఆ ఇరుసును మీటరుకు పైగా ముందుకు జరపాలి. ఛానళ్లను వెనక ఇరుసు హౌసింగ్‌కు బోల్టులతోనే బిగించండి. అది పోత ఇనుము, వెల్డింగ్ పెడితే పక్కనే పగులుతుంది. బెంగళూరు పీణ్య పారిశ్రామిక వాడలో ఏ ఫ్యాబ్రికేషన్ షాపులో అడిగినా ముందు ఇదే చెబుతారు.

హార్స్ పవర్ గురించి టెన్షన్ పడకండి. వెనక చక్రాల మీద 600 కిలోల బరువుంటే, మట్టిలో పట్టు సగమనుకున్నా లాగగలిగేది 300 కిలోలే. గంటకు 4 కిలోమీటర్ల వేగంతో లాగడానికి నాలుగున్నర హార్స్ పవర్ చాలు. ఇంజిన్, గేర్లలో పోయేది కలుపుకున్నా 15 హార్స్ పవర్ ట్రాక్టరుకు ఇది లెక్కలోది కాదు. తక్కువయ్యేది బరువే. టైర్లలో నీళ్లు నింపండి, చక్రాలకు వెయిట్లు వేయండి. ముందు ఇరుసు మీదా కొంత బరువు పెట్టండి, లేకపోతే ఏటవాలుగా తిప్పిన బ్లేడు బండి మూతిని పక్కకు తోసేస్తుంది.

ఇక నడుం దగ్గర మడత పడే ఛాసిస్, అంటే మధ్యలో కీలుతో వంగే బండి. చూడ్డానికి అందంగా ఉంటుంది, ఇరుకులో తిరుగుతుంది. పొడుగు ఛాసిస్ ఇరుసుల మధ్య 2.8 మీటర్లకు చేరితే, ఒక్కసారిగా వెనక్కి తిరగడానికి సుమారు 9 మీటర్ల జాగా కావాలి. మడత పడేదానికి అంత అక్కర్లేదు. కానీ ఆ మడత పిన్ను, బుష్‌ల మీదే లోడంతా పడుతుంది, అక్కడ కాస్త లూజైనా బ్లేడు ఊగుతుంది. స్టీరింగ్ రాడ్డు ఆ కీలు దాటి పోవడం కష్టం కాబట్టి హైడ్రాలిక్ స్టీరింగ్ తప్పదు. ఆ డబ్బు బ్లేడు మీద పెట్టడం మేలు.

బ్లేడు వంపు కోసం పెద్ద ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పైపును నిలువుగా చీల్చి ఒక ముక్క వాడండి. కింది అంచుకు లారీ కమాన్ పట్టీ బోల్టులతో బిగిస్తే అరిగినప్పుడు మార్చుకోవచ్చు. బ్లేడు తిరిగే చట్రానికి నాలుగు చక్రాల ట్రైలర్ టర్న్‌టేబుల్ (ముందు ఇరుసు తిరిగే గుండ్రటి బేరింగు) దొరికితే అదృష్టం. కుడి, ఎడమ లేపడానికి విడివిడిగా రెండు హైడ్రాలిక్ సిలిండర్లు తప్పనిసరి, మీటరుకు 4 సెంటీమీటర్ల వాలు వాటితోనే వస్తుంది. బ్లేడు కోణం మార్చడానికి మాత్రం చేత్తో పెట్టే పిన్ను చాలు.

గేర్‌బాక్సా, హైడ్రోస్టాటిక్కా? ఆగి ఆగి, ముందుకూ వెనక్కీ చేసే పని కాబట్టి గేర్లు మార్చే పని లేకుండా ఆయిల్ ఒత్తిడితో నడిచే హైడ్రోస్టాటిక్ హాయి. కానీ గడ్డి కోసే లాన్ ట్రాక్టరులో వచ్చే తేలిక రకం ఈ లోడు మోయలేదు. మినీ ట్రాక్టర్ల గేర్‌బాక్సే ఇక్కడ బాగు చేయించుకోవడం తేలిక. వీఎస్టీ ట్రాక్టర్ల కంపెనీ ఉన్నదే బెంగళూరులో, పాత సామాన్ల కోసం జేసీ రోడ్డు ఉండనే ఉంది.

దారి వంద మీటర్లలోపే అయితే ఇదంతా వద్దు, వెనక బ్లేడుకు గేజ్ వీల్స్ పెట్టుకోండి. అంతకు మించితే పొడుగు ఛాసిస్ కట్టండి. కట్టినదాన్ని తోటలోనే నడపండి. రిజిస్ట్రేషన్ లేని బండిని ప్రభుత్వ రోడ్డు ఎక్కించకూడదు.