హాబ్సన్-జాబ్సన్: మన దగ్గర పుట్టి ఇంగ్లీషులో కలిసిన పాత మాటల నిఘంటువు

పాత ఇంగ్లీషు మాటలంటే ఇష్టం ఉన్న తెలుగువాళ్లు ఒక్క నిఘంటువే కొనాలంటే హాబ్సన్-జాబ్సన్ కొనమంటాను. కంపెనీ కాలం నుంచి తెల్లదొరలు ఇక్కడ వాడిన మాటలివి, చాలావాటిని ఇప్పుడు ఎవరూ వాడరు. హెన్రీ యూల్, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన ఏ.సి. బర్నెల్ కలిసి కూర్చారు. 1886లో అచ్చయ్యేసరికే బర్నెల్ లేడు. 1903లో విలియం క్రూక్ దిద్దిన రెండో కూర్పు వచ్చింది.

అసలు బలం అర్థాల్లో కాదు, ఉదాహరణల్లో ఉంది. ఏ మాట ఏ ఏడాది ఎవరి ఉత్తరంలో, ఏ యాత్రా రచనలో కనిపించిందో వరసగా ఇచ్చుకుంటూ పోతారు. 'అప్పర్ రోజర్' చూడండి, ఎవరో రోజర్ దొరగారేమో అనుకుంటాం, తీరా చూస్తే అది మన యువరాజు! 1755లో బర్మా నుంచి వెళ్లిన ఒక ఉత్తరంలో అలా పడింది.

ఇక 'జెంటూ' దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పోర్చుగీసువాళ్లు ఇక్కడి హిందువులను పిలిచిన మాట అది, ఇంగ్లీషులోకి వచ్చాక మద్రాసు వైపు ప్రత్యేకంగా తెలుగువాళ్లకూ తెలుగు భాషకూ పేరైంది. పోర్చుగీసువాళ్లు వచ్చేనాటికి దక్షిణాదిలో తెలుగు రాజ్యమైన విజయనగరానిదే పైచేయి కావడం దీనికి కారణం కావచ్చంటుంది పుస్తకం. 'తెలింగా' అంటే 18వ శతాబ్దపు బెంగాల్‌లో సిపాయి అని అర్థమట, ఎందుకంటే యూరప్ పద్ధతిలో కవాతు నేర్చిన తొలి సిపాయిలు అక్కడికి మద్రాసు వైపు నుంచే వెళ్లారు. మన పందికొక్కు 'బాండికూట్'గా మారి ఇప్పటికీ బతికే ఉంది, ఆస్ట్రేలియాలో వేరే జంతువుకి కూడా ఆ పేరే పెట్టారు.

లోటు చెప్పాలంటే, హిందుస్తానీ మాటలతో పోలిస్తే తెలుగువి తక్కువ, అది బాధగానే ఉంటుంది. పాలకుల చూపు కూడా అక్కడక్కడా గుచ్చుకుంటుంది. పైగా ఆనాటి స్పెల్లింగ్ తెలియకపోతే పుస్తకంలో మాట దొరకడం కష్టం. నేను తెప్పించుకున్న రీప్రింట్‌లో అక్షరాలు జిరాక్స్ మీద జిరాక్స్ తీసినట్టు మసకగా ఉన్నాయి, ఉదాహరణల దగ్గర చిన్న అక్షరాలు చదవలేక కళ్లు లాగేశాయి. అందుకే ఆన్‌లైన్‌లో కొనేముందు లోపలి పేజీల ఫోటోలు చూడండి. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే షికాగో విశ్వవిద్యాలయం వాళ్ల డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో మొత్తం ఉచితంగా ఉంది, మాట టైప్ చేసి వెతుక్కోవచ్చు, ముందు 'జెంటూ' కొట్టి చూడండి.