నెల సామాను కొత్త స్టోరులోనా, ప్రకాశం బజారులోనా: ఏది మేలు?

కొత్త డిస్కౌంట్ స్టోరు తెరిచినప్పటి నుంచి నల్లగొండలో ఎవరు ఎదురైనా ఇదే ముచ్చట. "పోయొచ్చినవా? నిజంగనే తక్కువకు ఇస్తున్నరా?" అని. తిప్పర్తి, కనగల్ దిక్కున్న చుట్టాలైతే ఫోన్ చేసి మరీ, బస్సు కిరాయి పెట్టుకుని వస్తే గిట్టుబాటవుతుందా అని అడుగుతున్నారు. మా ఇంట్లో ఇప్పుడు కొంత సామాను అక్కడ, కొంత మన ఊళ్లోని ప్రకాశం బజారు కిరాణా దుకాణాల్లో తెస్తున్నాం. రెండు బిల్లులు పక్కపక్కన పెట్టుకుని రాస్తున్నదే ఇది. నా మొగ్గు కొంచెం బజారు వైపే, అది ముందే చెప్తున్నా.

స్టోరు ఎట్లా ఉంటుందో, ఏసీ ఎంత చల్లగా ఉందో ఇక్కడ రాయను, అందరూ చూసిందే. తక్కువకు ఎట్లా ఇవ్వగలుగుతారన్నది మాత్రం తెలుసుకోవాలి. ఈ పద్ధతిని మనకు అలవాటు చేసింది డీమార్ట్. 2002లో ముంబయిలోని పొవయిలో మొదలైంది. దుకాణాల స్థలాలు చాలా వరకు వాళ్ల సొంతమే కాబట్టి కిరాయి బరువు తక్కువ. సరుకు వేసినవాళ్లకు డబ్బు తొందరగా కట్టి, ఆ మేరకు ధర తగ్గించి తీసుకుంటారు. ఒక్కో వస్తువు మీద తక్కువ లాభం చూసుకుని సరుకు తొందరగా తిప్పుతారు. ఆ దారిలో నడిచే స్టోర్లన్నీ ఇంచుమించు ఇదే లెక్క వేసుకుంటాయి. కాబట్టి తగ్గింపు ఉత్త మాట కాదు, నిజమే. అయితే దేని మీద నిజం, దేని మీద కాదు అన్నదే నా పంచాయితీ.

బిల్లు కింద పెద్ద అక్షరాలతో ఒక వరుస ఉంటుంది: "ఈరోజు మీరు ఆదా చేసింది" అని. అందరూ నాకు చూపించేది దాన్నే. "చూడు, ఏడు వందలు మిగిలినయి" అంటారు. ఆ ఏడు వందలు ఎక్కడినుంచి లెక్కగట్టారు? ఎమ్మార్పీ నుంచి. మరి మన సేటు ఎప్పుడన్నా కందిపప్పు ఎమ్మార్పీకి అమ్మాడా? విడి పప్పుకు ఎమ్మార్పీయే ఉండదు కదా. అంటే ఎవరూ అమ్మని ధర నుంచి తీసేసి, తేడా అంతా మనకు మిగిలినట్టు చూపిస్తున్నారు. చూడాల్సింది ప్రకాశం బజారులో అదే రోజు కిలో ఎంతుందో. నన్నడిగితే, ఏది మేలు అన్నది తేల్చేది ఇదొక్కటే. మిగతావన్నీ దీని తర్వాతే.

సామాను రెండు రకాలు. సబ్బు, పేస్టు, షాంపూ, సర్ఫు, టీపొడి, బిస్కెట్లు ఒక రకం. వీటి ఎమ్మార్పీ వేసేది కంపెనీ. గల్లీ కొట్టులోనైనా, పెద్ద స్టోరులోనైనా అదే డబ్బా, దానిమీద అదే ఎమ్మార్పీ. వీటిమీద చిన్న దుకాణదారుకు మిగిలేదే పది శాతం అటూఇటూ. అందులో మనకు రెండు రూపాయలు తగ్గించాలన్నా ఆయన చేతులు ఆడవు. స్టోరు మాత్రం కంపెనీతోనే నేరుగా మాట్లాడి, లారీల లెక్కన తెచ్చి, ఆ పది శాతాన్ని దాటి కూడా తగ్గించగలదు. కాబట్టి ఈ రకానికి కొత్త స్టోరే మేలు, అందులో వాదన లేదు. గిన్నెల సబ్బు నుంచి పిల్లల డైపర్ల దాకా ఈ లిస్టు పెద్దగా ఉన్న ఇంటికి నెలకోసారి అక్కడికి పోవడం దండుగ కాదు.

ఇక్కడా ఒక మెలిక ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒంటి సబ్బులు, పేస్టు, షాంపూ, తలనూనె మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కు దిగింది. సర్ఫుకు దిగలేదు, 18 అట్లనే ఉంది. అప్పుడు చాలా చోట్ల పాత ఎమ్మార్పీ పడిన డబ్బాల మీద "తగ్గింపు" అని బోర్డులు పెట్టారు. అందులో కొంత సర్కారు పన్ను తగ్గించింది, ఆ తర్వాత మిగిలిందే దుకాణం తగ్గించింది. బోర్డు చూస్తే ఏది ఎంతో తెలియదు.

రెండో రకం పప్పులు, చింతపండు, ఎండు మిరపకాయ, ధనియాలు, పల్లీలు, రవ్వ. స్టోరు వీటిని సొంతంగా ప్యాక్ చేయించి అమ్ముతుంది. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ వేసేదీ స్టోరే, దాన్ని కొట్టేసి పక్కన తక్కువ ధర రాసేదీ స్టోరే. ఎమ్మార్పీ దాటి అమ్మకూడదని చట్టం ఉంది గాని, పప్పు ఎమ్మార్పీ ఇంతకు మించకూడదని ఎక్కడా లేదు. లెక్క సులువుగా ఉండాలని ఒక ఉదాహరణ అనుకుందాం. ప్యాకెట్ మీద 190 వేసి 132కు ఇచ్చారు. బిల్లులో 58 రూపాయల ఆదా పడింది. అదేరోజు బజారులో విడి పప్పు 128 ఉంటే నిజానికి నాలుగు రూపాయలు ఎక్కువే పెట్టాం. ఇంటికొచ్చి మాత్రం 58 మిగిలిందనే చెప్పుకుంటాం. ఈ అంకెలు నేను అనుకున్నవే. పప్పు ధర వారం వారం మారుతుంది. కొన్ని వారాలు స్టోరులోనే తక్కువ ఉంటుంది కూడా. బిల్లు చివరి వరుస చూసి మాత్రం అది తేల్చలేం.

పన్ను తేడా కూడా ఉంది. 2022 జులై 18 నుంచి, 25 కిలోల లోపు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీఎస్టీ. మన ఎదుట తూచి పొట్లం కట్టే విడి సరుకుకు అది లేదు. నిగనిగలాడే ప్యాకెట్‌తో పాటు ఈ అయిదు శాతమూ మన సంచిలోకే వస్తుంది.

నూనె ప్యాకెట్లు చేతిలోకి తీసుకుని వెనక అక్షరాలు చదవండి. వరుసలో పక్కపక్కనే రెండు ప్యాకెట్లు, చూడ్డానికి ఒకే సైజు. ఒకదాని మీద లీటరు, 910 గ్రాములు అని ఉంటుంది. రెండోదాని మీద 850 గ్రాములే. మొదటిది 150, రెండోది 144 అనుకోండి. చెయ్యి తెలియకుండా 144 మీదికే పోతుంది. కిలోకు లెక్కేస్తే మొదటిది 165 దగ్గర, రెండోది 169 పైన. ఇంతకుముందు నూనె, బిస్కెట్ లాంటి వాటిని ఫలానా సైజుల్లోనే ప్యాక్ చేయాలని నియమం ఉండేది. అది ఎత్తేసి, ప్యాకెట్ కిలో లోపలైతే గ్రాముకు ఎంత, పైనైతే కిలోకు ఎంత అన్నది ముద్రించాలన్నారు. మంచి పనే. కానీ ఆ గ్రాము ధర ఎమ్మార్పీ మీద వేసింది, స్టోరు తగ్గించి ఇచ్చే ధర మీద కాదు. కాబట్టి ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయక తప్పదు. వెనక ట్రాలీవాళ్లు "జరుగుండ్రి" అంటారు, అననివ్వండి.

ధర అట్లుంచి, పప్పు సంగతి చూద్దాం. బజారులో బస్తా మూతి తిప్పి పెట్టి ఉంటుంది. పిడికెడు తీసి రెండు అరచేతుల మధ్య రాపిడి పెట్టి చూడొచ్చు. చేతులకు సన్నటి పిండి అంటి, పప్పు కొంచెం మసక రంగులో ఉంటే పాలిష్ పెద్దగా పట్టలేదన్నట్టు. మెరుపు ఎక్కువుండి జారిపోతుంటే పాలిష్ పట్టించిందే. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అప్పటినుంచి ఎక్కడ చూసినా "తాండూరు పప్పే" అంటున్నారు. అదో కాదో మా ఇంట్లో కుక్కరే చెప్తుంది. మంచిదైతే గరిటె తిప్పగానే మెదిగిపోతుంది. స్టోరు ప్యాకెట్‌లో రాళ్లు ఉండవు, పురుగు ఉండదు, ఎప్పుడు ప్యాక్ చేశారో తేదీ ఉంటుంది, అది ఒప్పుకోవాలి. చేటలో చెరిగే ఓపిక, తీరిక లేనివాళ్లకు ఆ నాలుగు రూపాయలు ఎక్కువేం కాదు. చింతపండు, ఎండు మిరపకాయ మాత్రం వాసన చూడకుండా కొనలేను. ప్లాస్టిక్ కవర్లోంచి వాసన రాదు.

బజారును మరీ నెత్తికెత్తుకోవడం లేదు. విడి సరుకులో కొత్త పప్పులో పాతది కలిపే దుకాణాలున్నాయి. డబ్బా పెట్టకముందు కాంటా సున్నా చూపించని వాళ్లున్నారు. ఎండలో రెండు దుకాణాలు తిరిగి ధర అడిగితేగాని అసలు ధర బయటికి రాదు. బేరం రానివాళ్లు, ఆదివారం తప్ప తీరికలేనివాళ్లు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు స్టోరుకే పోతే నేను తప్పు పట్టను. అక్కడ ధర అందరికీ ఒకటే.

బియ్యం సంగతి వేరే, దానికి రెండూ వద్దు. సాగర్ ఎడమ కాలువ కింద పండి, మిర్యాలగూడ మిల్లుల్లో ఆడిన బియ్యం మన ఇంటి ముందు నుంచే లారీల్లో పోతుంటే, అయిదు కిలోల సంచి స్టోరులో కొనడం నాకు అర్థం కాదు. మిల్లు దగ్గర గాని, బియ్యం దుకాణంలో గాని పెద్ద సంచి తీసుకోండి. 26 కిలోల సంచి ఎందుకొచ్చిందని కొందరు అడుగుతుంటారు. 25 దాటితే ఆ జీఎస్టీ ఉండదు, అందుకే ఆ ఒక్క కిలో ఎక్కువ. సాంబ మసూరి కావాలా, తెలంగాణ సోనా కావాలా అన్నది మీ ఇష్టం. పాత బియ్యమా, కొత్తవా అని మాత్రం అడగండి. కొత్తవైతే అన్నం ముద్ద అవుతుంది. ఆహార భద్రత కార్డు ఉన్నవాళ్లకైతే 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలైన సన్న బియ్యం మనిషికి ఆరు కిలోలు వస్తున్నాయి. ఆ ఇళ్లల్లో బియ్యం ఖర్చే తగ్గిపోయింది.

ఉద్దర, అంటే అప్పు మీద సామాను తెచ్చుకోవడం గురించి కూడా చెప్పాలి, స్టోరులో దొరకనిది అదే. సర్కారు తరఫున వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో పోసి, కాంటా అయి, పైసలు ఖాతాలో పడేదాకా ఇల్లు గడిచేది గల్లీ సేటు ఖాతా బుక్కు మీదే. పత్తి రైతుదీ అంతే. ఆ బుక్కులో ధర కిలోకు రెండు మూడు రూపాయలు ఎక్కువే పడుతుంది. సేటు కూడా ఊరికే ఇవ్వడు. కానీ చేతిలో నగదు లేనప్పుడు తగ్గింపు బోర్డు దేనికీ పనికిరాదు. ఇట్లాంటి ఇళ్లకు నా సలహా ఒక్కటే. పైసలు పడ్డ నెలలో ముందు బుక్కు కొట్టేయించుకోండి. మిగిలితే సబ్బులు, సర్ఫులు రెండు మూడు నెలలకు సరిపడా స్టోరులో తెచ్చిపెట్టుకోండి. అవి చెడిపోవు.

కూరగాయలకు రైతు బజారే, పొద్దున్నే. స్టోరులో ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ఒక్కోసారి చవకగా పెడతారు, కనిపిస్తే తీసుకోండి. దానికోసమే పోవద్దు. ఆన్‌లైన్ యాప్‌లలో కంపెనీ సామాను ధరలు బాగానే ఉంటాయి. డెలివరీ చార్జీ కలిపి చూసుకోండి, అంతకన్నా చెప్పడానికేం లేదు.

ఊళ్లనుంచి రావచ్చా అన్నవాళ్లకు: ఒక్కరి కోసమైతే వద్దు. బస్సు కిరాయి, గడియారం సెంటర్ నుంచి ఆటో, మధ్యలో పిల్లలకు ఐస్‌క్రీమ్ పోగా మిగిలేది ఏమీ ఉండదు. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఆ లెక్క కొంచెం మారుతుంది. ఎట్లాగూ ఆసుపత్రికో, కలెక్టరేట్‌కో వచ్చిన రోజే లిస్టు పట్టుకుని పొండి. లిస్టు కాగితం మీద రాసుకుని, అందులో లేనిది ట్రాలీలో వేయకండి. గల్లీ కొట్టులో మనం అడిగిందే ఇస్తారు. అక్కడ అడగనివన్నీ కళ్ల ముందుంటాయి.

పెళ్లి, ఒడుగు, దశదినకర్మ లాంటి పెద్ద సామానుకు మాత్రం నేను రెండో మాట లేకుండా ప్రకాశం బజారే అంటాను. వంటాయన రాసిచ్చిన చిట్టీ సేటు చేతిలో పెడితే చాలు, సామానంతా కట్టించి ఆటోలో వేయిస్తాడు. ఎవరూ సరిగ్గా అంచనా వేయలేరు, పది కిలోల పప్పులో మూడు కిలోలు మిగులుతుంది, నూనె డబ్బా విప్పకుండానే ఉండిపోతుంది. తెలిసిన సేటు అయితే విప్పని సరుకు వాపసు తీసుకుని ఆ పైసలు లెక్కలో కొట్టేస్తాడు. సామాను తీసుకునేటప్పుడే ఆ మాట అడిగి, చిట్టీ మీద రాయించుకోండి.