దెబ్బను మర్చిపోని గేమ్: ఏడాది ఆడాక కాలేజ్ ఫుట్‌బాల్ 25

కాలేజ్ ఫుట్‌బాల్ 25 అంటే అమెరికన్ ఫుట్‌బాల్ (చేత్తో బంతి పట్టుకుని పరిగెత్తే ఆట) కాలేజీ మ్యాచ్‌ల వీడియో గేమ్. దాని గ్రాఫిక్స్ గురించి, 134 టీమ్‌ల గురించి, 11 ఏళ్ల తర్వాత సిరీస్ తిరిగొచ్చిందన్న సంబరం గురించి 2024 జులైలోనే అందరూ రాసేశారు. నేను మళ్లీ ఆ జోలికి వెళ్లను. ఏడాది పైగా వీకెండ్ దొరికినప్పుడల్లా ఆడాక నాకు ఇందులో గట్టిగా నిలబడింది ఒక్కటే, వేర్ అండ్ టేర్ అనే ఫీచర్. ఈ గేమ్ ఇంకా నా పీఎస్5లో ఉందంటే దాని వల్లే.

సంగతేంటంటే, ఆటగాడి ఒంటికి తగిలే ప్రతి దెబ్బనీ గేమ్ లెక్క రాసుకుంటుంది. మోకాలి దెబ్బ మోకాలి ఖాతాలోకి, భుజం దెబ్బ భుజం ఖాతాలోకి. భారీ శాల్తీ పరిగెత్తుకొచ్చి గుద్దితే ఒక లెక్క, డిఫెన్స్‌లో అంచున ఆడే ఎవడో కార్నర్‌బ్యాక్ పక్క నుంచి పట్టుకుని లాగితే ఇంకో లెక్క. ప్లే (తర్వాత వేయబోయే ఎత్తుగడ) ఎంచుకునే చోట ఆటగాడి బొమ్మ తెరిచి చూస్తే, పచ్చగా ఉండాల్సిన భాగాలు పసుపుకి తిరిగి, మెల్లగా ఎరుపు వైపు వెళ్తుంటాయి. కాళ్లు దెబ్బతింటే స్పీడ్ పడిపోతుంది, విసిరే చెయ్యి దెబ్బతింటే త్రోలో బలం తగ్గుతుంది, గాయమై బయటికెళ్లే రిస్క్ పెరుగుతుంది. ఒకే టీమ్‌ని సీజన్ల తరబడి నడిపే డైనస్టీ మోడ్‌లో అయితే ఈ వారం తిన్న దెబ్బలు కొంత వచ్చే మ్యాచ్‌కీ వెంట వస్తాయి.

ఇదివరకు నేను ఆడిన ఫుట్‌బాల్ గేముల్లో ఉన్నదల్లా అలసట, లేకపోతే ఏకంగా గాయం. ఈ రెండిటికీ మధ్య ఏమీ లేదు. ఫాస్ట్ బౌలర్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే వేగంతో బంతులు వేస్తూనే ఉంటే చూడటానికి ఎంత అబద్ధంగా ఉంటుందో, చివరిదైన నాలుగో క్వార్టర్‌లో కూడా మొదటి ప్లేలో పరిగెత్తినట్టే పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ అంత అబద్ధంగా ఉండేవాడు.

దీని అసలు సత్తా నాకు తెలిసింది మాత్రం థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా బావమరిది ఇంట్లో. నేను కాలేజ్ స్టేషన్ అనే ఊళ్లో ఎంఎస్ చేశాను కాబట్టి నా టీమ్ ఎప్పుడూ అక్కడి యూనివర్సిటీ టెక్సస్ ఏ అండ్ ఎం. వాడికి ఏ కాలేజీ మీదా అభిమానం లేదు, గెలిపించే టీమ్ కావాలంతే. ఆర్మీని (అమెరికా సైనిక అకాడమీ టీమ్) పట్టుకున్నాడు. వాళ్లది ట్రిపుల్ ఆప్షన్, అంటే క్యూబీ (క్వార్టర్‌బ్యాక్, ఆట నడిపించేవాడు) బంతిని మధ్యలో ఫుల్‌బ్యాక్ చేతిలో పెట్టొచ్చు, తనే పట్టుకుని పరిగెత్తొచ్చు, లేదంటే చివరి క్షణంలో పక్కనున్న వాడికి పిచ్ చేయొచ్చు, అంటే విసిరేయొచ్చు. దీన్ని ఆపడానికి నేను ఎన్ని వేషాలు వేసినా, ఎవరి మీదికి వెళ్తే వాణ్ని వదిలేసి ఇంకోడికి ఇచ్చేవాడు. అలా వరసగా ఓడిపోతున్నాను, పక్కన మామయ్యగారు కూర్చుని స్కోరు అడుగుతున్నారు.

ఆ రోజు నేను పిచ్ తీసుకునే వాణ్ని పూర్తిగా వదిలేశాను. బంతి ఎటు పోయినా సరే, ప్రతి ఆప్షన్ ప్లేకి నా డిఫెన్స్ వరసలో చివర నిలబడే డిఫెన్సివ్ ఎండ్ వెళ్లి క్యూబీని పడేయడమే. నిజం ఆటలో కోచ్‌లు ఆప్షన్ టీమ్‌ల మీద చేసేది ఇదే, క్యూబీని ప్రతిసారీ కొట్టండి, పిచ్ చేసేలోపైనా సరే, చేస్తున్నప్పుడైనా సరే అని చెప్తారు. మొదటి సగం మొత్తం దీనికి మూల్యం చెల్లించాను, పిచ్ అందుకున్నవాడు గీత పక్కనుంచి సాఫీగా పోతున్నాడు, రెండు టచ్‌డౌన్‌లు వెనకబడ్డాను. మూడో క్వార్టర్ సగానికి ఏదో మారినట్టనిపించింది. వాడి క్యూబీ మూల తిరిగేలోపు ఆ వరస వెనక ఉండే మా లైన్‌బ్యాకర్ అందుకుంటున్నాడు. అంతకుముందు అదే ప్లేకి వెనక దుమ్ము మాత్రమే మిగిలేది. నాలుగో క్వార్టర్‌కి వచ్చేసరికి స్కోరు దగ్గరపడింది, థర్డ్ డౌన్‌కి (మూడో ప్రయత్నం) పన్నెండు గజాలు కావాలి, ఇక పరుగుతో పని కాదని వాడు లాంగ్ పాస్‌కి వెళ్లాడు. రిసీవర్ మా వాణ్ని దాటేసి ఒంటరిగా ఉన్నాడు. బంతి మాత్రం వాడిదాకా రాలేదు, ముందే కిందికి దిగిపోయి తిన్నగా అందరికీ వెనక కాపు కాసే మా సేఫ్టీ చేతుల్లో పడింది.

"బావా, ఏంటిది, బటన్ సరిగ్గానే పట్టుకున్నా కదా! బంతి ఎందుకు వెళ్లలేదు?" అని వాడు కంట్రోలర్ తిప్పి చూసుకుంటున్నాడు. పాజ్ చేసి వాడి క్యూబీ బొమ్మ తెరిచి చూపించాను. విసిరే భుజం ఎర్రగా ఉంది, రెండు కాళ్లూ నారింజ రంగులో ఉన్నాయి. వాడు చాలాసేపు చూసి, "అయితే రెండో క్యూబీని ముందే దింపాల్సింది" అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అది కోచ్ అనే మాట. ఇప్పుడు వాడు క్యూబీతో పరిగెత్తినా దెబ్బ పడకముందే స్లైడ్ అవుతాడు (తనే కిందికి జారిపోతాడు), లేదా మైదానం పక్క గీత దాటించేస్తాడు. నేనూ రన్నింగ్ బ్యాక్‌లను ఇద్దరు ముగ్గుర్ని మార్చి మార్చి వాడుతున్నాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ సిరీస్ 2013 తర్వాత ఆగిపోవడానికి ప్రధాన కారణం ఆటగాళ్ల రూపురేఖల్ని పైసా ఇవ్వకుండా వాడుకోవడం మీద నడిచిన కోర్టు కేసులు. యూసీఎల్ఏ మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎడ్ ఓబానన్ 2009లో వేసిన దావా వాటిలో పెద్దది. ఈసారి ఒప్పుకున్న ప్రతి ఆటగాడికీ 600 డాలర్లు, ఒక గేమ్ కాపీ ఇచ్చారు. అది చాలా తక్కువని నా అభిప్రాయం. అయినా ఆ కుర్రాళ్ల ఒళ్లు కాలేజీ మ్యాచ్‌లు జరిగే ప్రతి శనివారం ఎంత నలుగుతుందో తెర మీద రంగుల్లో చూపించిన గేమ్ ఇదే కావడం నాకు న్యాయంగా అనిపించింది.

ఇంత చెప్పాక కొంత వెనక్కి తగ్గాలి. కంప్యూటర్‌తో ఆడితే ఈ మజా సగమే. మన క్యూబీ భుజం నలిగిందని కనిపెట్టి అదేపనిగా వాడి వెంటపడటం కంప్యూటర్ దగ్గర నేను చూడలేదు. క్వార్టర్ నిడివి తగ్గించి ఆడితే దెబ్బలు పోగయ్యేలోపే మ్యాచ్ అయిపోతుంది, అప్పుడీ ఫీచర్ ఉన్నా లేనట్టే. ముందు వరస లైన్‌లో ఉండే లావుపాటి వాళ్లకి దెబ్బలు తగిలినా ఆటలో తేడా నాకు పెద్దగా తెలియలేదు. ఆ రంగుల బొమ్మ కూడా మనం వెతికి తెరిస్తేనే కనిపిస్తుంది, కామెంటేటర్ ఒక మాట అంటే ఎంత బాగుండేది. మా ఏ అండ్ ఎం స్టేడియం కైల్ ఫీల్డ్‌లో ప్రేక్షకుల గోలకి తెర ఊగిపోవడం, ప్రత్యర్థికి ప్లే గీతలు వంకర్లు తిరగడం మొదట్లో ఒళ్లు గగుర్పొడిచేలా ఉండేది, ఇప్పుడు అలవాటైపోయింది.

2025 ఆగస్టులో వచ్చిన మ్యాడెన్ 26 గేమ్‌లోకి కూడా వేర్ అండ్ టేర్ తెచ్చారు, ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) ఇష్టపడేవాళ్లు అటు చూడొచ్చు. నాకైతే శనివారాల ఆటే ఇష్టం, పక్కన కూర్చుని ఆడే బావమరిది ఇరవై నిమిషాల దూరంలో ఉన్నాడు, కాబట్టి కొన్న డబ్బుకి న్యాయం జరిగింది. ఒక్కరే ఆడేవాళ్లకి, పీసీ మాత్రమే ఉన్నవాళ్లకి ఈ మాట చెప్పలేను, పీసీకి ఇది రానే లేదు. ఇద్దరు కలిసి ఆడే వీలుంటే మాత్రం క్వార్టర్ నిడివి పెంచి, ఒకరు ఆర్మీని తీసుకుని మొదలుపెట్టండి.