పునీత లూసియమ్మ కోసం: సిరాక్యూజా వెళ్లాలా, వెనిస్ వెళ్లాలా?

304లో వేదసాక్షిగా, అంటే విశ్వాసం కోసం, మరణించిన లూసియమ్మది ఇటలీ దీవి సిసిలీలోని సిరాక్యూజా. భౌతికకాయం మాత్రం వెనిస్‌లో ఉంది.

దర్శనం: వెనిస్‌లో శాన్ జెరెమియా గుడిలో గాజు పేటికలో ఏడాదంతా. సిరాక్యూజాలో సమాధి ఖాళీ. వెండి విగ్రహం పండగ రోజుల్లోనే బయటికొస్తుంది.

శ్రమ: వెనిస్‌లో సాంటా లూచియా స్టేషన్ దిగి ఐదు నిమిషాల నడక. ఆ స్టేషన్ కోసం కూల్చింది ఆమె పాత గుడినే!

పండగ: డిసెంబర్ 13న సిరాక్యూజాలో ఆ విగ్రహం ఊరేగింపు, 20న విగ్రహం తిరుగు ప్రయాణం. ఉడికించిన గోధుమల కుచ్చియా తింటారు. జనసమ్మర్దం తప్పదు, గదులు ముందే చూసుకోవాలి.

చిత్రాల్లో ఆమె చేతి పళ్లెంలో కనిపించే కళ్ల కథ పాత చరిత్రలో లేదు, తర్వాత చేరింది.

ప్రశాంతంగా ప్రార్థించాలంటే వెనిస్. ఊరంతా కదిలే భక్తి చూడాలంటే డిసెంబర్‌లో సిరాక్యూజా.