మైనస్ మూడు మాస్కు, ఐదేళ్ళు దాటాక

నాకు సైట్ ఉంది. రెండు కళ్ళకీ మైనస్ మూడు, కుడి కంటికి కాస్త సిలిండర్ పవర్ (ఆస్టిగ్మాటిజానికి ఇచ్చేది) కూడా. అద్దాలు తీస్తే బస్సు వస్తోందని తెలుస్తుంది గాని, ఎక్కడికెళ్ళే బస్సో తెలియదు. ఉండేది హైదరాబాద్, సముద్రం చూడాలంటే రాత్రంతా ప్రయాణం. అలాంటి నేను 39 ఏళ్ళ వయసులో డైవింగ్ నేర్చుకుంటానంటే ఇంట్లో అందరూ నవ్వారు. అసలు ప్రశ్న మాత్రం మా ఆవిడే అడిగింది: "అంత దూరం వెళ్ళి, అంత డబ్బు పోసి, అద్దాలు తీసేసి నీళ్ళలో ఏం చూస్తారండీ?"

దానికి జవాబుగా 2019 చివర్లో ఈ డైవింగ్ మాస్కు కొన్నాను. రెండు గాజులు విడివిడిగా ఉండే రకం. మామూలు గాజులు ఊడదీసి, వాటి చోట పవర్ గాజులు బిగించుకోవాలి. నాకు దొరికినవి అర పవర్ చొప్పున పెరిగేవి, సిలిండర్ ఉండదు. కాంటాక్ట్ లెన్సులు నా కళ్ళకి పడవు కాబట్టి వేరే దారి లేదు. సిలికాన్, టెంపర్డ్ గ్లాసు లాంటివి ఏ మాస్కుకైనా చెప్పేవే, వదిలేస్తున్నాను.

మొదట దిగింది మా కాలనీ పూల్‌లో, నాలుగున్నర అడుగుల లోతులో. నోట్లో స్నార్కెల్ (గాలి పీల్చుకునే గొట్టం), మొహానికి మాస్కు చూసి కోచ్ "ఇక్కడ చేపలేం లేవన్నా" అన్నాడు. చేపలు లేవు గాని తక్కినవన్నీ కనిపించాయి. టైల్స్ మధ్య నాచు, జుట్టు క్లిప్పులు, ఎవరి వేలికో ఉండాల్సిన బ్యాండేజీ. పదేళ్ళుగా ఈదుతున్న పూల్ అది. చూడకుండా ఉంటేనే బాగుండేది.

2020 జనవరిలో అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి వెళ్ళాం, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు. నీళ్ళలో ఏదైనా ఉన్నదానికంటే పెద్దగా, దగ్గరగా కనిపిస్తుంది. దానికి సరైన పవర్ కూడా తోడైతే ఎలా ఉంటుందో సైట్ ఉన్నవాళ్ళకే అర్థమవుతుంది. బొటనవేలంత క్లౌన్ ఫిష్ ఒకటి తన ఇంట్లోంచి బయటికొచ్చి నా మాస్కు మీదకే కలియబడింది. దాని నారింజ రంగు మీద తెల్ల పట్టీ అంచున సన్నటి నల్ల గీత ఉంటుంది. ఆ గీత కనిపించింది నాకు! బోటెక్కి అదే చెబుతుంటే, గీతకి ఇంత సంబరమా అన్నట్టు చూశారు తక్కినవాళ్ళు.

ఆ వారంలో కనబడినవాళ్ళందరికీ ఈ మాస్కు కొనమని చెప్పాను. మంచు పట్టదు, నీళ్ళు కారవు అని కూడా చెప్పాను. ఆ రెండూ కొంచెం సవరించుకోవాలి. కొత్తలో గాజు మీద ఉండే పొర పోయేదాకా టూత్‌పేస్టుతో రుద్దితే అండమాన్‌లో మంచు పట్టలేదు. డిసెంబరులో మా పూల్ చన్నీళ్ళలో మాత్రం రెండు నిమిషాలకే పట్టింది. ఇప్పుడు బేబీ షాంపూ చుక్క లేకుండా దిగను. ఇక నీళ్ళు కారకపోవడానికి కారణం మాస్కు కాదు, ఆ ట్రిప్పు ముందు నేను మీసం తీసేయడం. మళ్ళీ పెంచాక ముక్కు కిందనుంచి సన్నగా కారుతూనే ఉంది. ఇప్పుడు ముక్కు కింద ఒక గీత మేర గీసుకుంటున్నాను. పెళ్ళిళ్ళ సీజన్‌లో డైవింగ్ పెట్టుకోను.

అసలు కథ 2024 డిసెంబరులో, కర్ణాటకలోని నేత్రాణి దీవి దగ్గర జరిగింది. మురుడేశ్వర్ నుంచి బోటులో పోవాలి, ఒడ్డుకి దాదాపు 19 కిలోమీటర్ల దూరం. అక్కడ లంగరేశాక మాస్కు పట్టీ పట్టుకుని లాగానో లేదో, బకిల్ ఠప్పున విరిగింది. ఏడాదిలో పదకొండు నెలలు మా ఇంటి అటక మీద ఉండే వస్తువది. పైన స్లాబు, మే నెల ఎండ. వేడికి పెళుసెక్కిందో, వయసు అయిపోయిందో తెలియదు. సముద్రం పక్కన ఉండేవాడైతే నెలకోసారి వాడుతూ ముందే కనిపెట్టేవాడు. నాకు మాత్రం నడి సముద్రంలో తెలిసింది.

బోటులో ఉన్న మామూలు మాస్కు ఇచ్చారు. పవర్ మాస్కులు ఉంచేవాళ్ళు కూడా ఉంటారట, మా బోటులో లేవు. తిట్టుకుంటూ దిగాను. గైడు ఒకచోట ఆగి చేత్తో చూపించాడు. మూకుడు బోర్లించినట్టు ఏదో కనిపించింది. ఓకే అని సైగ చేశాను. పైకొచ్చాక అది తాబేలని తెలిసింది.

అదే డైవ్‌లో గైడు గాలి ఎంత ఉందని అడిగాడు. గేజ్ ఎత్తి చూశాను. 110. ముల్లు, గీతలు, అంకెలు అన్నీ స్పష్టంగా ఉన్నాయి! ఒక్క క్షణం నమ్మలేదు. ఎందుకంటే 2023లో హేవ్‌లాక్‌లో ఇదే గేజ్ చదవడానికి చెయ్యి బారజాపి, తల వెనక్కి వంచి నానా తంటాలు పడ్డాను. లోపల చీకటి అనుకున్నాను. చీకటి కాదు, చత్వారం. నా ముద్దుల మైనస్ మూడు గాజులు దూరాన ఉన్న చేపని చూపిస్తూ, చేతిలో ఉన్న గేజ్‌ని దాచేస్తున్నాయన్నమాట. చేప కనిపించకపోతే మీసం మీద నెపం పెట్టొచ్చు, వీపు మీది ట్యాంకులో ఎంత గాలి ఉందో కనిపించకపోతే ఎవరి మీద పెట్టాలి?

ఇంటికొచ్చి ఎడమ కంటి గాజు ఒక్కటే మార్చాను, మైనస్ ఒకటిన్నరకి. గాజులు కుడి, ఎడమ విడివిడిగా దొరకడం ఈ మాస్కులో నేను ఆలస్యంగా గుర్తించిన మంచి సంగతి. కుడి కన్ను చేపకి, ఎడమ కన్ను గేజ్‌కి. పూల్‌లో మొదటి రోజు తల తిరిగి మెట్ల మీద కూర్చుండిపోయాను. నాలుగు రోజులకి అలవాటైంది. తర్వాత రుషికొండలో దిగాను గాని, ఆ రోజు నీళ్ళే మసకగా ఉన్నాయి. గేజ్ వరకు బాగా చదివాను. దూరం సంగతి ఇంకా తేలలేదు.

కాబట్టి కొనమంటారా అంటే, నాలాగా మైనస్ మూడు దాకా ఉండి, సిలిండర్ తక్కువగా ఉండి, ఇంకా నలభై దాటనివాళ్ళయితే కళ్ళు మూసుకుని కొనండి. దాటినవాళ్ళు ముందు పవర్ మాస్కు అద్దెకి తీసుకుని గేజ్ చదివి చూడండి. ఒకటి, ఒకటిన్నర పవర్ ఉన్నవాళ్ళకి అసలు అవసరమే పడకపోవచ్చు. ఏడాదికి నాలుగు రోజులు దిగేవాడి మాట ఇది, రోజూ దిగేవాళ్ళు వేరేలా చెప్పొచ్చు.

బకిళ్ళు రెండు జతలు తెప్పించాను. మాస్కు ఇప్పుడు అటక మీద లేదు, బీరువాలో మా ఆవిడ పట్టుచీరల కింద ఉంది. దాని గురించి ఇంట్లో ఇంకా చర్చ నడుస్తోంది.